అరటినారతో కట్టిన ఊపిరి

సిలిండరు కట్టుకుని నీళ్ళలోకి దిగే డైవరు దగ్గర గాలి పీల్చుకునే మూతులు రెండుంటాయి. ఒకటి తన నోట్లో ఉంటుంది. రెండోది పొడుగాటి పసుపురంగు గొట్టం చివర, ఛాతీ మీద తగిలించి ఉంటుంది. అది పక్కవాడి కోసం. పక్కవాడికి గాలి అయిపోతే చెయ్యి చాపి అది లాక్కుని నోట్లో పెట్టుకోవాలి. పుస్తకాల్లో దానికి ఏవేవో పేర్లున్నాయి గాని మా జట్టులో అందరం దాన్ని స్పేరు అనేవాళ్ళం. ఆ స్పేరును ఛాతీ మీద ఎలా తగిలించుకోవాలన్న దాని మీద నేను ఇప్పటికీ గంటసేపు మాట్లాడగలను. మాట్లాడతాను కూడా. "పెళ్ళికొచ్చినవాళ్ళని కూడా వదలరా మీరు" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోయిన సందర్భాలున్నాయి.

నవ్వితే నవ్వండి. ఆ తగిలించుకోవడంలో చేసిన ఒక్క తప్పుకి నేను నా జోడీని పోగొట్టుకున్నాను. కంగారు పడకండి, మనిషి నిక్షేపంగా ఉన్నాడు, గోదారికి ఆవలి ఒడ్డున కొవ్వూరులోనే ఉన్నాడు. నాతో కలిసి దిగడం మానేశాడు, అంతే. మళ్ళీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాతో దిగుతాడేమోనని ఏడేళ్ళు ఎదురుచూశాను. ఇది ఆ ఎదురుచూపు సంగతి.

మాది కడియం పక్కన పూలతోటల ఊరు. మా అరుగు మీద ఎప్పుడూ బంతిపూల గుట్ట, తొట్టిలో నానుతున్న అరటినార, వాటి మధ్య మా అమ్మ. బళ్ళో వెయ్యకముందే నాకు దండ కట్టడం వచ్చు. ఐటీఐలో ఫిట్టరు పాసయ్యి, ఉద్యోగం రాక, కాలవలో ఈతలు కొడుతూ తిరుగుతుంటే ఒక కాంట్రాక్టరు దగ్గర పనుందని తెలిసింది. తొంభైల మధ్యలో మాట. రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య వంతెనలున్నాయి కదా, వాటి స్తంభాలు నీళ్ళ అడుగున ఎలా ఉన్నాయో దిగి చూసి చెప్పాలి. సిమెంటు బీట వారిందా, మొదట్లో ఇసుక ఎంత కోసుకుపోయింది, వరదకి కొట్టుకొచ్చిన దుంగలు ఇరుక్కున్నాయా, ఇదీ పని. ఇంట్లో చెప్తే అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "గోదారి అడుగున ఉద్యోగం ఏంట్రా, పైన ఎక్కడా ఖాళీల్లేవా" అంది.

నేర్చుకోడానికి విశాఖపట్నం పంపారు. అక్కడ నేవీలో రిటైరైన మాస్టారు ఒకాయన మాకు పాఠం చెప్పేవారు. సన్నగా ఉండేవారు, గొంతు మాత్రం ఓడ సైరనే. మొదటి రోజే బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, గడ్డం దగ్గర్నుంచి రెండు పక్కల డొక్కల దాకా త్రికోణం గీశారు. "స్పేరు ఈ త్రికోణంలోనే ఉండాలి. పక్కవాడు కళ్ళు మూసుకుని చెయ్యి చాపినా దొరకాలి. అడక్కుండా ఊడి రాకూడదు. అడిగితే ఒక్క లాగుకి రావాలి. ఒక్క లాగుకి!" అని సుద్దముక్క విరిగేలా కొట్టారు బోర్డు మీద. దాన్ని ఊరికే వేలాడదీసుకుని దిగేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. వేలాడితే అడుగున బురదలో ఈడ్చుకుపోతుంది, మూతిలోకి ఒండ్రు పోతుంది. మూతి పైకి తిరిగి ఉంటే గాలి దానంతటదే బుసబుసా పోతుంది. ఇనప చువ్వకో తెగిన వలకో పట్టుకుంటుంది. జేబులో కుక్కుకుంటే పక్కవాడికి దొరకదు. ఇవన్నీ కంఠతా పట్టాను నేను. పరీక్షలో నాదే ఫస్టు. ఆ గర్వమే నా కొంప ముంచింది.

తిరిగొచ్చాక నన్ను ఎవరితో జోడీ కడతారో అని భయపడుతుంటే, కొవ్వూరు రేవులో ఒక మనిషి పడవ అంచు మీద కూర్చుని కారప్పూస నములుతూ, "ఏం బావా, ఏ ఊరు మనది?" అన్నాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. తాతల నుంచీ గోదాట్లో వలేసిన ఇల్లు. కులం వేరు, చుట్టరికం లేదు, మొహం చూడ్డం అదే మొదటిసారి. అయినా బావా అన్నాడు. నేను కూడా "కడియం వైపు బావా" అన్నాను. అంతే, ఆ రోజు నుంచీ ఒకరి పేరొకరం పలికింది లేదు.

నేను వసపిట్టని. పడవ ఎక్కిన దగ్గర్నుంచీ నోరు మూతపడదు. నేను నోట్లో రబ్బరు మూతి పెట్టుకోగానే బావ రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టేవాడు. "ఇది కనిపెట్టినవాడు ఎవడోగాని, చల్లగా ఉండాలి" అనేవాడు. పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. నేను నోట్లో రబ్బరుతోనే తిట్టేవాణ్ణి, అది బుడబుడమని వినిపించేది.

గోదారి ఎండాకాలంలో పైకి తేటగానే ఉంటుంది. ముప్పై అడుగులు దిగితే చెయ్యి చాపినంత మేర కనిపిస్తే గొప్ప. అందుకని మా ఇద్దరి ముంజేతులకీ మధ్య రెండు మూరల తాడు కట్టుకునేవాళ్ళం. ఒక్క లాగు లాగితే బాగున్నాను అని, రెండు లాగితే ఇటు రా అని. బావ మాత్రం పనేం లేకపోయినా మధ్యమధ్యలో ఒకసారి లాగేవాడు. నేను తిరిగి లాగేవాణ్ణి. పైన అంత వాగేవాణ్ణి, కింద ఆ ఒక్క లాగుతో నాకు కడుపు నిండిపోయేది. ఆ చీకట్లో, ఆ చల్లదనంలో, తాడుకి ఆ చివర ఆయనున్నాడు అనుకుంటే నాకు మా ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఒక్కోసారి పైన రైలు వెళ్ళేది. రైలొస్తోందని మాకు స్తంభం మీద చెయ్యి పెడితే తెలిసిపోయేది. బావ నా చెయ్యి పట్టుకుని స్తంభానికి ఆనించి పెట్టేవాడు. బోగీలన్నీ దాటిపోయేదాకా ఇద్దరం అలా చేతులు ఆనించుకుని ఉండేవాళ్ళం. గూడ్సయితే చాలాసేపు. దాన్ని పని అని ఎవరూ అనరు, కాని నాకు ఆ ఉద్యోగంలో బాగా గుర్తున్నది అదే.

అలా మూడు ఎండాకాలాలు దిగాం. నాలుగో ఏడు, నా స్పేరును పట్టి ఉంచే రబ్బరు బిళ్ళ చిరిగిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి, పది పదిహేను రోజులు పడుతుందన్నారు. వరదనీళ్ళు వచ్చేలోపు పని ముగించాలని మా సూపర్‌వైజరు గారిది ఒకటే గోల. "దేంతోనన్నా కట్టుకుని దిగవయ్యా" అన్నారు. ఒకడు నైలాను దారం ఇచ్చాడు. నేను వాణ్ణి కడిగేశాను. నైలాను తెగి చస్తుందా, పక్కవాడు లాగితే రావద్దా, మాస్టారు ఏం చెప్పారు, అని పావుగంట క్లాసు పీకాను. ఆ తర్వాత నా తెలివి చూపించాను. ఇంటి దగ్గర్నుంచి పిడికెడు అరటినార పట్టుకొచ్చాను.

అరటినార అంటే మా పూలవాళ్ళకి దారం. ఎండిన నారని చేత్తో ఇలా అంటే పుటుక్కున తెగుతుంది. స్పేరును నిలబెట్టడానికి సరిపోతుంది, లాగితే తెగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి? సిలిండరు మోసే జాకెట్టు పట్టీకి స్పేరును ఆనించి రెండు చుట్లు చుట్టి, దండకి వేసే ముడే వేశాను. పడవలో నిలబడి లాగి చూశాను, తెగింది. మళ్ళీ కట్టాను, బావ లాగాడు, తెగింది. "పూలవాళ్ళ బుర్రే బుర్ర!" అని భుజం మీద కొట్టాడు. మూడోసారి కట్టుకుని దిగాను. వారం రోజులు అలాగే దిగాను, రోజూ కొత్త నారతో. పైకొచ్చాక పాతదాన్ని చాకుతో కోసి పారేసేవాణ్ణి. నీళ్ళలో ఎప్పుడూ లాగి చూడలేదు. ఎందుకు చూస్తాను, గట్టు మీద చూశాను కదా.

ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మా ఇంట్లో తొట్టిలో నార ఎందుకు నానబెడతారు? నానితే గట్టిపడుతుందని. పొడినారతో దండ కడితే తెగి పూలన్నీ రాలిపోతాయి. నానిన నారని చేత్తో తెంపలేరు, పళ్ళతో కొరకాల్సిందే. పుట్టిన దగ్గర్నుంచీ ఆ తొట్టి పక్కనే పెరిగినవాణ్ణి. నైలాను కట్టుకునేవాడు ఎవడైనా ఉంటాడు. నార కట్టుకుని గోదాట్లోకి దిగే వెధవ మా కడియంలోనే పుట్టాలి.

ఆ రోజు దిగి పావుగంట అయ్యుంటుంది. నేను స్తంభం మీద నాచు గీకుతున్నాను. తాడు లాగింది. రెండు లాగులు, మూడు, నాలుగు. తిరిగేసరికి బావ మొహం నా మొహం మీదికొచ్చేసింది. అరచెయ్యి మెడకి అడ్డంగా కోసినట్టు చూపించాడు. గాలి అయిపోయింది అని దానర్థం. ఆయన మీటరు ముల్లు ఇరుక్కుపోయి, సగం సిలిండరు ఉన్నట్టే చూపిస్తోందని తర్వాత తేలింది.

నేను కంగారుపడలేదు. నిజం చెప్తున్నాను, లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. స్పేరు ఉండాల్సిన చోటే ఉంది, త్రికోణంలో. ఛాతీ ముందుకు పెట్టాను. బావ పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. స్పేరుకి బదులు నేనే జాకెట్టుతో సహా ఆయన మీదికి వెళ్ళాను. అద్దం వెనకాల ఆయన కళ్ళు చూశాను. అప్పుడు వెలిగింది నా బుర్రలో, నార నానిందని.

నా నోట్లోది తీసి ఆయన నోట్లో పెట్టాను. ఆ తర్వాత సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. ముడి విప్పడానికి చూశాను, వేళ్ళు జారిపోయాయి. తల వంచి నోటితోనే అందుకుందామని చూశాను, అందలేదు. బావ నా భుజాలు పట్టుకుని ఉన్నాడు, పిక్కకి కట్టుకున్న చాకు దాకా నా చెయ్యి పోలేదు. ఉన్న ఊపిరిని కొంచెం కొంచెం వదులుతూ, పడవ నుంచి వేలాడే తాడు పట్టుకుని పైకి తన్నాను. చెవుల్లో హోరు, పైన ఎక్కడో లేత వెలుగు, ఆ తర్వాత నోట్లోకి గోదారి.

పడవలోకి ఎవరు లాగారో తెలీదు. బోర్లా పడుకుని నీళ్ళు కక్కుకుంటున్నాను. తేరుకుని చూసేసరికి బావ నా పక్కన కూర్చుని, నా ఛాతీ మీద నారని చాకుతో కోస్తున్నాడు. "బావా, నార..." అన్నాను. ఆయన నా మొహంలోకి చూడలేదు.

రెండు రోజులు ఇంట్లో పడుకున్నాను. అమ్మకి చెప్తే మొదట ఏడ్చింది, తర్వాత చేట విసిరింది. "నానిన నార తెగుద్దంట్రా? నీ బుద్ధి ఏ గోదాట్లో కలిసింది? ఆ అబ్బాయికి ఏమన్నా అయ్యుంటే వాళ్ళావిడకి ఏం చెప్పేదానివిరా నువ్వు?" అంది. కోపంలో నన్ను ఆడపిల్లని చేసేసింది. నవ్వు రాలేదు నాకు.

మూడో రోజు పనికి వెళ్తే షెడ్డులో బోర్డు మీద నా పేరు పక్కన ఇంకొకరి పేరుంది. సూపర్‌వైజరు గారిని అడిగాను. "ఆయనే మార్చమన్నాడయ్యా. ఎందుకంటే చెప్పడు" అన్నారు. పరుగెత్తుకుని రేవులోకి వెళ్ళాను. బావ సిలిండర్లు ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి, "ఎలా ఉందండీ ఒంట్లో?" అన్నాడు.

అండీ! మా జిల్లాల్లో గేదెని కూడా అండీ అంటారని బయటివాళ్ళు ఎగతాళి చేస్తారు. మాకది మామూలు మర్యాద. కాని ఆ రోజు ఆయన నోట్లోంచి ఆ మాట వింటే నాకు గుండెల్లో కలుక్కుమంది. తలుపు వేసేసి లోపల గడియ పెట్టుకున్నట్టే. బాగానే ఉంది అని గొణిగి వచ్చేశాను.

తప్పు నాదని నేను ఎక్కడా దాచుకోలేదు. షెడ్డులో చెప్పాను, రేవులో చెప్పాను, టీకొట్టు దగ్గర చెప్పాను. నా వల్ల మనిషి పోయేవాడు, నాదే తప్పు, నారతో కట్టాను, అని కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. నాకు పూలదండ డైవరు అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. నేను చెప్తున్నప్పుడు బావ అక్కడే ఉంటే తల తిప్పుకుని లేచి వెళ్ళిపోయేవాడు. చూశావా, ఇంకా కోపం పోలేదు, అనుకునేవాణ్ణి.

ఆ కోపం పోగొట్టాలని నేను పడని పాట్లు లేవు. పాత సైకిలు ట్యూబు వలయాలుగా కోసి, మెడలో వేసుకునే మెత్తటి రబ్బరు గొట్టానికి తొడిగాను. స్పేరు మూతి అందులో దూర్చితే గడ్డం కింద బుద్ధిగా కూర్చుంటుంది, లాగితే జారి చేతిలోకి వస్తుంది. ముడి లేదు, నార లేదు. రెండు రోజులు తొట్టిలో నానబెట్టి లాగి చూశాను. తర్వాత నడుం లోతు నీళ్ళలో నిలబడి కొత్త జోడీ చేత లాగించాను. గట్టు మీద లాగి చూసింది లెక్కలోకి రాదు, నీళ్ళలో, పక్కవాడి చేత్తో, రోజూ లాగించి చూసుకునే దిగాలి. ఈ పద్ధతి మా జట్టంతా పట్టుకుంది. మద్రాసు నుంచి రబ్బరు బిళ్ళలు వచ్చినా ఎవరూ వేసుకోలేదు. బావకి కొత్త ట్యూబు కొని మరీ చేసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండీ, పనితనం" అన్నాడు. అది మెడలో వేసుకుని ఇంకొకరితో దిగిపోయాడు.

ఆయన గృహప్రవేశానికి అమ్మ స్వయంగా కూర్చుని చామంతి దండలు కట్టి పంపింది. బావ గుమ్మం దాకా ఎదురొచ్చి అందుకున్నాడు. భోజనంలో దగ్గరుండి వడ్డించాడు, వద్దన్నా ఇంకో బూరె వేశాడు. "ఇంకొంచెం నెయ్యి వేసుకోండి" అన్నాడు. తిట్టినా బాగుండేది నాకు. చొక్కా పట్టుకుని, ఏరా వెధవా చంపేద్దామనుకున్నావా అంటే, కాళ్ళ మీద పడి ఏడ్చి తేలికపడేవాణ్ణి. మర్యాదని ఏం చేసుకోను?

కొత్త జోడీ మంచివాడే. పని తెలిసినవాడు, తాడు అవసరమైతేనే లాగుతాడు. నేను ఊరికే ఒకసారి లాగితే కంగారుపడి ఏమైందని వచ్చేసేవాడు. దాంతో మానేశాను. రైలు వెళ్తుంటే స్తంభం మీద ఒక్కణ్ణే చెయ్యి పెట్టుకునేవాణ్ణి. నా వంతు లేని రోజు పడవలో కూర్చుని బావ దిగిన చోట బుడగలు చూసేవాణ్ణి. రెండు గుంపులుగా వచ్చేవి. వాటిలో పెద్దవి ఆయనవి, తాపీగా, ఆగి ఆగి. అవి పైకొస్తున్నంతసేపూ నాకు మనసు స్థిమితంగా ఉండేది. కింద ఆయన పక్కన ఉన్నవాడి మీద కుళ్ళు కూడా ఉండేది, ఎందుకు దాచడం.

అలా ఏడేళ్ళు. ఆ తర్వాత మా కాంట్రాక్టరు కొత్త సామాను తెప్పించారు. ఇనప టోపీ లాంటిది తలకి బిగిస్తారు, గాలి పైన పడవలోంచి గొట్టం ద్వారా వస్తుంది, లోపలున్నవాడు పైనున్నవాళ్ళతో మాట్లాడొచ్చు కూడా. ఒక్కడే దిగుతాడు. ఇక సిలిండర్లు లేవు, స్పేర్లు లేవు, జోడీలు లేవు. మంచిదే, నాలాంటివాడి నార మీద ఎవరి ప్రాణమూ ఆధారపడక్కర్లేదు. అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. సిలిండర్లతో మిగిలింది ఒకే ఒక్క స్తంభం, ఒకే ఒక్క రోజు. ఆ రోజు దాటితే బావ నాతో దిగే మాట ఇక ఉండదు.

ముందు రోజు ఆదివారం. పొద్దున్నే స్కూటరు తీసుకుని వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. బావ వరండాలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, "రండి రండి" అన్నాడు. వాళ్ళావిడ, మా అక్కయ్యగారు, మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను గ్లాసు కింద పెట్టేసి ఒక్క గుక్కలో చెప్పేశాను.

"రేపు సిలిండర్ల ఆఖరి రోజు. నాతో దిగు బావా. ఒక్కసారి. నార కట్టింది నేనే, నా తప్పే, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఏడేళ్ళయింది, ఇంకెన్నాళ్ళు కోపం పెట్టుకుంటావు?"

బావ వల పక్కన పెట్టాడు. తన చేతుల వంక చూసుకున్నాడు.

"నార సంగతి వదిలెయ్యి" అన్నాడు. "ఆ రోజు నీ నోట్లోది తీసి నాకు పెట్టావు కదా. ఎన్ని పీల్చానో తెలుసా?"

"ఏమో. ఒకటో రెండో."

"తొమ్మిది."

నాకర్థం కాలేదు. ఒకే మూతి ఇద్దరు పంచుకోవాల్సి వస్తే రెండేసి ఊపిరులు పీల్చి మార్చుకోవాలి. నీకు రెండు, నాకు రెండు అని మాస్టారు మా చేత వందసార్లు చేయించారు. అది ఇద్దరికీ తెలుసు.

"రెండయ్యాక నువ్వు చెయ్యి చాపావు" అన్నాడు బావ.

"నేనా?" నాకది గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు లేదు.

"చాపావు. నేను నీ చెయ్యి తోసేశాను. తోసేసి పీల్చుకున్నాను. మూడు, నాలుగు. నీ బుడగలు ఆగిపోవడం చూశాను. చూసి కూడా ఇవ్వలేదు. తొమ్మిదోదానికి పైకి తేలాం."

"భయంలో ఏం తెలుస్తుంది బావా, ఎవడికైనా..."

"తెలిసింది. లెక్కపెట్టుకున్నాను కదా. తెలీకపోతే లెక్క ఎలా ఉంటుంది?" మళ్ళీ వల అందుకున్నాడు. "నువ్వు నాదే తప్పు, నాదే తప్పు అని ఊరంతా చెప్పుకు తిరిగావు. వింటూ ఊరుకున్నాను. మొదట్లో హమ్మయ్య అనుకున్నాను కూడా. ఆ పైన నీ మొహం చూడలేకపోయాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళ దుఃఖం ఒక్కసారిగా కోపమై తన్నుకొచ్చింది. "నీ మొహం మండ!" అని అరిచాను. "దీనికా? దీనికా నన్ను ఏడేళ్ళు ఏడిపించావు? అండీ అండీ అని నన్ను చంపుకు తిన్నావు? తొమ్మిది పీల్చితే పీల్చావు, తొంభై పీల్చుకో! నేను పోలేదు కదా, నీ ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతున్నాను కదా!" అక్కయ్యగారు కంగారుగా గుమ్మంలోకి వచ్చింది. బావ ఏడుస్తూనే నవ్వాడు. నేను కూడా ఏడ్చాను. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. హమ్మయ్య, అయిపోయింది, అనుకున్నాను.

"అయితే రేపు పొద్దున్న ఏడింటికి రేవులో ఉండు" అన్నాను.

"రాను" అన్నాడు.

"ఇంకా ఏంటి?"

"మిగతావాళ్ళతో దిగుతాను, అది పని. నీతో దిగలేను. అలాంటిది మళ్ళీ వస్తే నేను మళ్ళీ తొమ్మిదే పీలుస్తాను. మారతానని అబద్ధం చెప్పలేను. నా సంగతి నాకు తెలిసిపోయింది." అని కుడిచెయ్యి తిప్పి నాకు చూపించాడు. "నిన్ను తోసింది ఈ చెయ్యే."

మధ్యాహ్నం దాకా బతిమాలాను, తిట్టాను, అన్నం తినకుండా అలిగి కూర్చున్నాను. ఆయన కదల్లేదు. స్కూటరు దాకా వచ్చి, నేను స్టార్టు చేసేదాకా నిలబడ్డాడు. మర్నాడు ఏడింటికి రేవులో అటూ ఇటూ చూశాను. ఎనిమిదిన్నర దాకా చూసి, నా కొత్త జోడీతో దిగాను.

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నీళ్ళలో మనిషి ఏం చేస్తాడో నీళ్ళలోనే తెలుస్తుంది, ఆయనకి తెలిసింది. నేను మళ్ళీ చెయ్యి చాపితే మళ్ళీ తోసేస్తాడేమో. తోసెయ్యనీ. మిగిలిన గాలంతా ఆయనే పీల్చుకున్నా సరే, నా పక్కన దిగేవాడు నాకు ఆయనే కావాలి.